‘అప్లై టు ఆల్’ బటన్ వెనక వందేళ్ల కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక చిన్న బటన్ గురించి. మీ ఫోన్‌లో ఏ వీడియో ఎడిటింగ్ యాప్ ఉన్నా సరే, ఒక క్యాప్షన్ మీద నొక్కి దానికి యానిమేషన్ పెట్టాక, ఎక్కడో ఒక మూల ఈ మాట కనిపిస్తుంది: ‘అప్లై టు ఆల్’. అంటే, ఇదే యానిమేషన్ మిగతా క్యాప్షన్లన్నిటికీ పెట్టు అని. కొన్ని యాప్‌లలో అది టిక్ పెట్టే చిన్న గడి, కొన్నిట్లో ‘స్టైల్ కాపీ’, ఇంకొన్నిట్లో ప్రీసెట్. పేరు ఏదైనా పని ఒకటే.

ఆ బటన్ లేకపోతే ఏమవుతుందో ఒకసారి లెక్కేద్దాం. పది నిమిషాల ఇంటర్వ్యూ ఉందనుకోండి. మూడు సెకన్లకో క్యాప్షన్ చొప్పున రెండు వందల క్యాప్షన్లు. ఒక్కోదానికి నాలుగు సార్లు నొక్కాలి: క్యాప్షన్ ఎంచుకోవాలి, యానిమేషన్ తెరవాలి, కావాల్సింది పట్టుకోవాలి, స్పీడు సరిచేయాలి. మొత్తం ఎనిమిది వందల నొక్కుళ్లు. అంతా అయ్యాక ‘స్పీడు కొంచెం తగ్గిస్తే బాగుండేదేమో’ అనిపిస్తే మళ్లీ మొదటి నుంచి.

కాబట్టి ఈ బటన్ టైం మిగులుస్తుంది, అందులో డౌట్ లేదు. కానీ నేను చెప్పాలనుకున్నది వేరే. ఈ బటన్ నొక్కిన ప్రతిసారీ మనం రెండు నిర్ణయాలు తీసుకుంటున్నాం. ఒకటి, అన్ని మాటలూ ఒకేలా కదలాలి అని. రెండోది, ఆ కదలిక దేనికి అని. లైనుకా, పదానికా, అక్షరానికా? మొదటి నిర్ణయం ఎందుకు సరైనదో వందేళ్ల చరిత్ర చెబుతుంది. రెండో నిర్ణయం దగ్గర తెలుగు రాసేవాళ్లకు ఒక చిక్కు ఉంది. అక్కడికి చేరాలంటే మూకీ సినిమాల నుంచి బయల్దేరాలి.

మూకీల్లో మాట వినిపించదు కదా. అందుకని సీనుకూ సీనుకూ మధ్య ఒక అట్ట చూపించేవాళ్లు. నల్లటి అట్ట మీద తెల్లటి అక్షరాలు, చుట్టూ ఒక అంచు. 1913లో దాదాసాహెబ్ ఫాల్కే తీసిన ‘రాజా హరిశ్చంద్ర’లో కూడా ఇలాంటి అట్టలే, ఒకటి కంటే ఎక్కువ భాషల్లో. ఆ అక్షరాలు కదలవు. కానీ ఒక విషయం గమనించండి. సినిమా మొత్తంలో అట్టలన్నీ సాధారణంగా ఒకే తీరులో ఉండేవి. అదే అంచు, అదే రాత, అదే సైజు. ఎందుకంటే అట్ట రాగానే ప్రేక్షకుడికి ‘ఇది చదవాల్సింది’ అని తెలిసిపోవాలి. ప్రతి అట్టా కొత్తగా ఉంటే కన్ను ముందు అట్టను చూస్తుంది, తర్వాత మాటను చదువుతుంది. ఈలోపు అట్ట వెళ్లిపోతుంది. చదువు రానివాళ్ల కోసం కొన్ని హాళ్లలో ఒక మనిషి నిలబడి ఆ అట్టలు పైకి చదివి వినిపించేవాడు కూడా. జపాన్‌లో అయితే అలా కథ చెప్పేవాళ్లకు ‘బెన్షి’ అని పేరే ఉంది, వాళ్లు పెద్ద స్టార్లు.

ఇప్పుడు న్యూయార్క్ వెళ్దాం, 1920ల మధ్యకు. మ్యాక్స్ ఫ్లైషర్, డేవ్ ఫ్లైషర్ అని అన్నదమ్ములు. తర్వాత బెట్టీ బూప్, పొపాయ్ కార్టూన్లు తీసిన స్టూడియో వీళ్లదే. 1924లో వీళ్లు ‘సాంగ్ కార్‌ట్యూన్స్’ అని చిన్న చిన్న ఫిల్ములు మొదలుపెట్టారు. తెర మీద పాట లైన్లు వస్తాయి, హాల్లో జనం అందరూ కలిసి పాడాలి. సమస్య ఏంటంటే, వందల మంది ఒకేసారి ఒకే పదం దగ్గర ఉండాలి. లేకపోతే అది పాట కాదు, గోల.

వాళ్లు కనిపెట్టిన ఉపాయం ఎగిరే బంతి. పదం మీద నుంచి పదం మీదకు ఒక తెల్లటి బంతి తాళానికి తగ్గట్టు గెంతుతుంది. బంతి ఎక్కడుంటే అక్కడ పాడాలి. ఇది చూస్తే కార్టూన్ కాబట్టి బంతిని కూడా బొమ్మలుగా గీశారనుకుంటాం. కాదు. ఒక పొడవాటి కర్ర చివర తెల్లటి బంతి పెట్టి, పాట లైన్ల మీద ఒక మనిషి తన చేత్తో గెంతిస్తుంటే దాన్ని కెమెరాతో తీశారు. కర్ర, చెయ్యి నలుపులో కలిసిపోయి కనబడకుండా ఫిల్మును ప్రింటు చేశారు. అంటే తొలినాళ్ల క్యాప్షన్ యానిమేషన్లలో బాగా పేరు పడిన ఈ ఒక్కటి నిజానికి ఒక మనిషి చేతి తాళం. మన భాషలో చెప్పాలంటే, భజనలో తాళం వేసే మనిషి తెర మీదకొచ్చాడన్నమాట.

ఇక్కడ మన మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. మొదటి లైనుకు బంతి, రెండో లైనుకు మెరుపు, మూడో లైనుకు గిరగిరా తిరగడం అని పెట్టుంటే జనం పాడలేరు. మొదటి లైను దగ్గర బంతి ఏం చేస్తుందో అర్థమైపోయింది. ఆ తర్వాత ఎవరూ బంతిని చూడరు, పాటను చూస్తారు. యానిమేషన్ ఒకేలా ఉన్నప్పుడే అది కంటికి అడ్డం రాకుండా పక్కకు తప్పుకుంటుంది.

తర్వాతి మజిలీ చాలామంది రీల్స్ చేసేవాళ్లకు తెలియనిది. ‘క్యాప్షన్’ అనే మాట ఈ అర్థంలో స్థిరపడింది వినికిడి లేనివాళ్ల వల్ల. 1972లో అమెరికాలో బోస్టన్‌కు చెందిన డబ్ల్యూజీబీహెచ్ అనే పబ్లిక్ టీవీ స్టేషన్, జూలియా చైల్డ్ చేసే ‘ది ఫ్రెంచ్ చెఫ్’ అనే వంటల ప్రోగ్రాంను క్యాప్షన్లతో ప్రసారం చేసింది. దేశమంతటా వచ్చే టీవీలో బధిరులు కూడా అందరితో పాటు చూడగలిగిన మొదటి ప్రోగ్రాం అది. 1980 మార్చిలో క్లోజ్డ్ క్యాప్షన్లు మొదలయ్యాయి. అంటే కావాలనుకున్నవాళ్లకే కనబడే క్యాప్షన్లు. అప్పట్లో వాటికోసం టీవీకి ఒక డీకోడర్ పెట్టె విడిగా కొనుక్కోవాలి. 1990లో చట్టం చేశాక, 1993 జూలై నుంచి 13 అంగుళాలు, అంతకంటే పెద్ద టీవీలన్నిట్లో ఆ డీకోడర్ లోపలే పెట్టి అమ్మాల్సి వచ్చింది.

ఈ క్యాప్షన్లు టీవీ సిగ్నల్‌లో ఎక్కడ దాక్కునేవో తెలుసా? బొమ్మ కనబడని భాగంలో, 21వ గీతలో. అక్కడ చోటు చాలా తక్కువ. ఒక్కో ఫ్రేముకు రెండు అక్షరాలకు సరిపడా సమాచారం మాత్రమే పడుతుంది. ఇంత ఇరుకులో ప్రతి అక్షరానికీ ‘నువ్వు ఇలా కదులు’ అని చెప్పడం కుదరదు. అందుకని ఇంజినీర్లు మూడు తీరులు ముందే ఖాయం చేశారు. ఒకటి పాప్-ఆన్: క్యాప్షన్ మొత్తం ఒక్కసారిగా ప్రత్యక్షమవుతుంది. రెండోది పెయింట్-ఆన్: అక్షరాలు ఎడమ నుంచి వరసగా వస్తాయి. మూడోది రోల్-అప్: కింద కొత్త లైను వస్తుంటే పాత లైన్లు పైకి జరుగుతాయి. ముందు ఒక చిన్న ఆజ్ఞ పంపిస్తే చాలు, ఆ తర్వాత వచ్చే మాటలన్నీ ఆ తీరులోనే కదులుతాయి. లైవ్ ప్రోగ్రాంలకు ఈ రోల్-అప్ ప్రాణం పోసింది. 1982లో ఆస్కార్ వేడుకకు అక్కడికక్కడే క్యాప్షన్లు కొట్టారు.

ఇప్పుడు మీ ఫోన్‌లో టైప్‌రైటర్ ఎఫెక్ట్ చూడండి. అది పెయింట్-ఆన్‌కు బంధువే. పాప్-అప్ ఎఫెక్ట్ పాప్-ఆన్‌కు బంధువు. మనం స్టైల్ కోసం వాడుతున్నవి ఒకప్పుడు అవసరం కోసం పుట్టాయి. ఇంకో విషయం, అసలు ముఖ్యమైనది అదే. ఇక్కడ మాట వేరు, కదలిక వేరు అయిపోయాయి. ఫ్లైషర్ బంతిలో పాటా, బంతీ ఒకే ఫిల్ములో అతుక్కుపోయి ఉన్నాయి. ఇక్కడ మాటలు ఒక దారిలో, వాటి కదలిక గురించిన ఆజ్ఞ ఇంకో దారిలో వెళ్తున్నాయి. ‘అప్లై టు ఆల్’ అనే ఆలోచన పుట్టాలంటే ముందు ఈ విడదీత జరగాలి.

పాట వైపు ఏం జరిగిందో కూడా చూద్దాం. 1971లో జపాన్‌లోని కోబే నగరంలో ఇనౌయే దైసుకే అనే సంగీతకారుడు కరావోకే మెషీన్ తయారుచేశాడు. దానికి తెర లేదు, పాట పుస్తకంలో చూసి పాడాలి. తర్వాత వీడియో వచ్చాక పాట లైను తెర మీదకొచ్చింది, గాయకుడి కంటే ఒక్క వెంట్రుకవాసి ముందు రంగు మారుతూ వెళ్లడం మొదలైంది. బంతి పోయి రంగు వచ్చింది. సూత్రం మాత్రం పాతదే: పాట మొత్తానికీ ఒకటే కదలిక.

ఆ రంగు మన దేశంలో ఇంకో పని చేసింది. 1996లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో చదువుకుంటున్న బ్రిజ్ కొఠారి, ఫ్రెండ్స్‌తో కలిసి ఒక స్పానిష్ సినిమా చూస్తున్నారు. కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉన్నాయి. స్పానిష్ నేర్చుకోవాలంటే స్పానిష్ మాటకు స్పానిష్‌లోనే సబ్‌టైటిల్ ఉంటే బాగుంటుంది కదా అనిపించింది. అక్కడి నుంచి ఇంకో ఆలోచన: హిందీ పాటకు హిందీలోనే లైన్లు వేస్తే, అరకొరగా చదవగలిగే కోట్ల మంది రోజూ తెలియకుండానే చదవడం ప్రాక్టీసు చేస్తారు కదా? 1999లో అహ్మదాబాద్ దూరదర్శన్‌లో గుజరాతీ సినిమా పాటల ప్రోగ్రాం ‘చిత్రగీత్’కు అలా లైన్లు వేశారు. తర్వాత జాతీయ చానెల్లో ‘చిత్రహార్’, ‘రంగోలీ’లకు కూడా వేశారు. పాడుతున్న పదం రంగు మారుతుంది, అంతే. ఇంకే హంగామా లేదు.

ఆలోచించండి, ఇక్కడ యానిమేషన్ వేలు పట్టి చదివించే పని చేస్తోంది. బడిలో చిన్నప్పుడు టీచరు పుస్తకంలో అక్షరం కింద వేలు పెట్టి జరుపుతారు చూడండి, అదే. ఆ వేలు ఒక పదం దగ్గర గెంతి, ఇంకో పదం దగ్గర గిర్రున తిరిగితే పిల్లాడు చదువుతాడా? వేలునే చూస్తాడు.

ఇక కంప్యూటర్ల కాలానికి వద్దాం. 1990ల్లో జపాన్ యానిమే అభిమానులు తమంతట తామే సబ్‌టైటిల్స్ చేసుకునేవాళ్లు. జీతం లేదు, రాత్రిళ్లు కూర్చుని చేసే పని. వాళ్ల చేతుల్లో పెరిగిన ఫైలు పద్ధతి ఒకటుంది, సబ్‌స్టేషన్ ఆల్ఫా అంటారు. దాని తర్వాతి రూపమే ఏఎస్ఎస్. ఈ ఫైలు ఎలా ఉంటుందో చెప్తాను, చాలా తెలివైన ఏర్పాటు. పైన స్టైల్స్ జాబితా ఉంటుంది. ‘మామూలు మాట’ అనే స్టైల్‌కు ఈ ఫాంటు, ఈ సైజు, ఈ రంగు. ‘పాట’ అనే స్టైల్‌కు ఇవి. కింద డైలాగులు వరసగా ఉంటాయి. ప్రతి డైలాగు పక్కన టైము, స్టైల్ పేరు, మాట. డైలాగు తన రంగేంటో తాను చెప్పదు. ‘నేను ఫలానా స్టైల్’ అంటుంది, అంతే.

దాంతో ఏమైంది? పైన ఒక్కచోట రంగు మారిస్తే కింద మూడు వందల డైలాగుల రంగు మారిపోతుంది. ఇప్పుడు మన ఎస్ఆర్‌టీ ఫైలుతో పోల్చి చూడండి. అందులో నంబరు, టైము, మాట ఉంటాయి. స్టైల్‌కు విడిగా చోటే లేదు. అందుకే ఎస్ఆర్‌టీ ఎక్కడైనా పనిచేస్తుంది కానీ, ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కు తీసుకెళ్తే మీ యానిమేషన్ అంతా ఎగిరిపోతుంది. అది యాప్ తప్పు కాదు, ఆ ఫైలు స్వభావమే అంత.

పాటల కోసం ఏఎస్ఎస్‌లో ఒక గుర్తు ఉంటుంది. ఒక్కో మాట ముక్క ఎంతసేపు పాడతారో సెకనులో వందో వంతు లెక్కలో రాస్తారు. ఆ తర్వాత 2000ల మధ్యలో ఏజీసబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చింది. అందులో కరావోకే టెంప్లేట్ అని ఒకటుంది. ‘ప్రతి ముక్కా పాడే టైముకు కొంచెం పెద్దదై, మళ్లీ మామూలు సైజుకు రావాలి’ అని ఒక్క లైను రాస్తే, పాటలో ఉన్న వందల ముక్కలకూ సాఫ్ట్‌వేరే ఆ కదలిక తయారుచేసి పెడుతుంది. ఒక్కో ముక్కకు దాని టైము వేరు, దాని చోటు వేరు. అయినా సూత్రం ఒక్కటే.

ఇక్కడ ఒక తేడా బాగా పట్టుకోండి, మీ పనికి రోజూ ఉపయోగపడుతుంది. స్టైల్ అంటే చుట్టరికం. పైనవాడు మారితే కిందవాళ్లు మారతారు. ‘అప్లై టు ఆల్’ చాలా ఫోన్ యాప్‌లలో కాపీ మాత్రమే. నొక్కిన క్షణంలో ఉన్న క్యాప్షన్లన్నిటి మీదా ఒక ముద్ర వేస్తుంది, పని అయిపోయింది. తర్వాత మీరు కొత్తగా ఒక క్యాప్షన్ చేరిస్తే దానికి ఆ ముద్ర ఉండదు. ‘అన్నిటికీ పెట్టాను కదా, ఇదొక్కటి ఎందుకు కదలట్లేదు’ అని చాలామంది తల పట్టుకునేది ఇక్కడే.

అదే కాలంలో ప్రొఫెషనల్స్ వైపు ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ఉంది. 1993 జనవరిలో అమెరికాలోని ప్రావిడెన్స్ అనే ఊళ్లో కోసా అనే చిన్న కంపెనీ విడుదల చేసింది. ఆ ఏడాదే అల్డస్ కొనుక్కుంది, 1994లో అల్డస్‌ను అడోబీ కలిపేసుకుంది. 2003లో వచ్చిన ఆరో వెర్షన్‌లో టెక్స్ట్ యానిమేటర్ అనేది వచ్చింది. అంతకు ముందు ఒక్కో అక్షరం విడిగా ఎగరాలంటే చాలావరకు వాటిని విడగొట్టుకుని కష్టపడాలి. ఇప్పుడు టెక్స్ట్ అంతా ఒకే లేయర్‌లో ఉంటుంది, దాని మీద ఒక కిటికీ లాంటిది జరుగుతుంది. కిటికీ ఎక్కడికి వస్తే అక్కడి అక్షరాలు కదులుతాయి. ఆ సెట్టింగ్ ఒకసారి ప్రీసెట్‌గా దాచుకుంటే ఏ టెక్స్ట్ మీదైనా వేసుకోవచ్చు.

ఆ కిటికీకి ఒక ప్రశ్న ఉంటుంది: నేను దేన్ని లెక్కపెట్టుకుంటూ జరగాలి? క్యారెక్టర్లా, పదాలా, లైన్లా? ఇదే మన రెండో ప్రశ్న. ఇంగ్లీషువాడికి ఇది ప్రశ్నే కాదు. ఏ అంటే ఏ, బీ అంటే బీ. కంప్యూటర్ లెక్కా, మనిషి లెక్కా ఒకటే. మనకు అలా కాదు.

‘స్త్రీ’ తీసుకోండి. మనకు అది ఎన్ని అక్షరాలు? ఒకటి. ఒకటో తరగతి పిల్లను అడిగినా ఒకటే అంటుంది. కంప్యూటర్ లోపల ఎన్ని? ఆరు. సకారం, పొల్లు, తకారం, మళ్లీ పొల్లు, రకారం, చివర దీర్ఘం గుడి. యూనికోడ్‌లో అలాగే దాచుకుంటుంది, అది తప్పేమీ కాదు. కానీ టైప్‌రైటర్ యానిమేషన్ ఈ ఆరింటినీ ఆరు అడుగులుగా నడిస్తే తెర మీద ఏమొస్తుంది? ముందు ‘స’. తర్వాత ‘స్’. తర్వాత ‘స్త’. తర్వాత ‘స్త్’. తర్వాత ‘స్త్ర’. చివరికి ‘స్త్రీ’. ఒక్క అక్షరం తెర మీద ఐదు సార్లు రూపం మార్చుకుని ఆరోసారికి తనలా కనిపించింది. చదివేవాడి కన్ను మధ్యలో ఐదు తప్పులు చదివింది.

అక్షరాలు ఒక్కోటి పైనుంచి పడే యానిమేషన్ అయితే ఇంకా ఘోరం. ‘రాష్ట్రం’ అనే మాట ‘రా’, ‘ష్’, ‘ట్’, ‘రం’ అని నాలుగు ముక్కలై పడుతుంది. ఒత్తు తన అక్షరం కిందికి చేరదు, పక్కన అనాథలా నిలబడుతుంది. మీరు ఎప్పుడైనా తెలుగు లిరికల్ వీడియోల్లో, రీల్స్‌లో ఇలా ఒత్తులు ఊడిపోయిన మాటలు చూసే ఉంటారు. చాలామంది ఫాంట్ బాలేదనుకుంటారు. తరచూ ఫాంట్ బాగానే ఉంటుంది, యానిమేషన్ లెక్కే తప్పు.

అంతకు ముందు తరం కూడా ఇదే బాధ వేరే రకంగా పడింది. మన పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు, పత్రికలు ఏళ్ల తరబడి అను ఫాంట్ల లాంటివాటితో నడిచాయి. వాటిలో అక్షరాన్ని ముక్కలుగా పేర్చుతారు. ఒత్తు ఒక ముక్క, గుడి ఒక ముక్క. కాగితం మీద ముద్దుగా ఉంటుంది, కదలకుండా ఉన్నంతసేపు ఎవరికీ తెలియదు. అదే టెక్స్ట్‌కు అక్షరం వారీ యానిమేషన్ పెడితే ఒత్తు ఒక దారి, తలకట్టు ఒక దారి.

తెలుగు అక్షరం లెక్క తప్పితే ఎంత దూరం పోతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ‘జ్ఞా’ అనే మన అక్షరం, మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తుతో కలిసి, ఐఫోన్‌కు మెసేజ్‌గా వస్తే ఆ యాప్ కుప్పకూలేది. మళ్లీ తెరిస్తే మళ్లీ కూలేది. యాపిల్ కంపెనీ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. జనం జోకులేసుకున్నారు, తెలుగు అక్షరం పవర్ చూడండి అని. నవ్వుకోవచ్చు, పర్లేదు. కానీ దాని అర్థం ఏంటంటే, అక్షరాలను గీసే ఆ పద్ధతి మన ఒత్తుల దగ్గర తడబడింది, ఆ తడబాటు రిలీజ్ అయ్యేదాకా ఎవరి కంటా పడలేదు.

మంచి వార్త కూడా ఉంది. టెక్స్ట్‌ను ఎక్కడ కొయ్యొచ్చు, ఎక్కడ కొయ్యకూడదు అని యూనికోడ్‌లో నియమాలుంటాయి. పాత నియమం ప్రకారం పొల్లు తర్వాత కొయ్యొచ్చు. అందుకే ‘స్త్రీ’ మూడు ముక్కలయ్యేది: ‘స్’, ‘త్’, ‘రీ’. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన యూనికోడ్ 15.1లో కొత్త నియమం చేర్చారు. తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపుల్లో సంయుక్తాక్షరాన్ని మధ్యలో కొయ్యొద్దు అని. అంటే ‘స్త్రీ’ ఒక్కటే అక్షరం అని ప్రపంచ ప్రమాణంలోకి ఎక్కడానికి 2023 దాకా పట్టింది. అయితే ప్రమాణం మారితే సరిపోదు. మీ యాప్ ఆ నియమాన్ని తెచ్చుకోవాలి. కొన్ని తెచ్చుకుంటాయి, కొన్ని ఇంకా పాత లెక్కలోనే ఉంటాయి. కనుక మనమే చూసుకోవాలి.

సరే, ఇంత కథ విన్నాక చేతిలో ఏం మిగలాలి? నేను నా టీంకు చెప్పే వరస చెప్తాను.

ముందు మాటలు సరిచేయండి. ఆటో క్యాప్షన్ ఇచ్చిన తెలుగులో తప్పులు దిద్దండి, లైన్లు ఎక్కడ విరగాలో చూడండి, టైము చూడండి. ఇదంతా అయ్యేదాకా యానిమేషన్ జోలికి వెళ్లొద్దు. ఎందుకంటే యానిమేషన్ పెట్టాక ఒక క్యాప్షన్‌ను రెండుగా కోస్తే, వాక్యం మధ్యలో యానిమేషన్ మళ్లీ మొదలవుతుంది.

తర్వాత మీ వీడియోలో అన్నిటికంటే కష్టమైన క్యాప్షన్ వెతకండి. బాగా పొడవైనది, ఒత్తులు ఎక్కువున్నది. లేకపోతే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘జ్ఞానం’ అని టైప్ చేసి ఒక డమ్మీ క్యాప్షన్ పెట్టండి. యానిమేషన్ దాని మీద వేసి, స్లోగా నడిపి చూడండి. ఒత్తు ఊడిందా, ఆ యానిమేషన్ తెలుగుకు పనికిరాదు. పదం వారీగానో లైను వారీగానో ఉన్నది తీసుకోండి. పాట అయినా పదం రంగు మారితే చాలు. దూరదర్శన్‌లో ‘చిత్రహార్’కు అదే సరిపోయింది, మన రీల్‌కు సరిపోదా?

స్పీడు విషయం. యానిమేషన్ టైము క్యాప్షన్ పొడవును బట్టి సాగకుండా చూసుకోండి. సెకనులో పావు వంతు అనుకుంటే, చిన్న క్యాప్షన్‌కైనా పెద్ద క్యాప్షన్‌కైనా అంతే ఉండాలి. సాగనిస్తే చిన్నది టప్పున వస్తుంది, పెద్దది నత్తలా వస్తుంది. అప్పుడు పేరుకే ఒకే యానిమేషన్. ఇంకా, తెర మెరుస్తూ ఆరుతూ ఉండే ఎఫెక్టులతో జాగ్రత్త. వెబ్ యాక్సెసిబిలిటీ నియమాలు 2008 నుంచీ సెకనుకు మూడు మెరుపులు దాటొద్దని చెబుతున్నాయి. ఫిట్స్ వచ్చే మనుషులు కూడా మన వీడియోలు చూస్తారు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాక ‘అప్లై టు ఆల్’. ఆ తర్వాత కొత్త క్యాప్షన్ ఏది చేర్చినా చివర్లో ఇంకోసారి నొక్కండి. మొత్తం వీడియోలో ఒకటో రెండో చోట్ల మాత్రమే వేరే యానిమేషన్ వాడుకోండి, నిజంగా ఆగి చూడాల్సిన మాట దగ్గర. అన్నీ ఒకేలా ఉన్నప్పుడే ఆ ఒక్కటీ తేడాగా కనిపిస్తుంది.

‘ఇంత చాదస్తం ఎందుకు, ఎవరు చూస్తారు’ అని మీలో కొందరు అనుకోవచ్చు. బస్సులో సౌండ్ ఆపి చూసేవాళ్లుంటారు. అసలు సౌండే లేనివాళ్లుంటారు, క్యాప్షన్ మొదట పుట్టింది వాళ్ల కోసమే. ఇప్పుడిప్పుడే తెలుగు కూడబలుక్కుని చదువుతున్న పిల్లలుంటారు, అమెరికాలో పుట్టి అమ్మమ్మ భాష నేర్చుకుంటున్నవాళ్లు కూడా. మీరు క్యాప్షన్‌కు పెట్టే కదలిక వాళ్లకు వేలు లాంటిది. వేలు నిలకడగా జరగాలి, అక్షరం ముక్కలు కాకూడదు. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో ఆటో క్యాప్షన్లు మన మాండలికాలు ఎందుకు సరిగ్గా పట్టుకోలేకపోతున్నాయో మాట్లాడుకుందాం. అప్పటిదాకా మీ యాప్‌లో ‘స్త్రీ’ అని టైప్ చేసి ఒక్కసారి చూడండి.